జె.ఆర్.డి. టాటా: ఉమ్మడి సొత్తును కాచిన మనిషి

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చునని మన పల్లెలలో ఒక సామెత కలదు. పదిమంది సొత్తయిన దానికి మేత వేయువాడు ఒక్కడును ఉండడని దాని భావము. ప్రభుత్వము నడుపు వ్యాపార సంస్థల మాట వచ్చినప్పుడెల్ల ఈ సామెత మనకు జ్ఞప్తికి వచ్చును. నష్టములు, ఆలస్యములు, పనికి మించిన సిబ్బంది, అడిగినవారికి సమాధానము చెప్పు దిక్కు లేకుండుట, ఇవి యన్నియు అట్టి సంస్థలకు పుట్టుకతో వచ్చిన రోగములని పలువురు తలంతురు. ప్రైవేటు వారు పోటీకి వచ్చిననాడు ఆ రోగము బయటపడుననియు, వారి చేతికే అప్పగించిననాడు అది కుదురుననియు చెప్పుదురు.

ఈ అభిప్రాయము ఎంతవరకు నిజమో పరీక్షించుటకు మన దేశ చరిత్రలోనే ఒక మంచి నిదర్శనము కలదు. 1953లో ఒకే చట్టము క్రింద, ఒకే ప్రభుత్వమునకు సొత్తుగా, రెండు విమాన సంస్థలు పుట్టెను. ఒకటి విదేశములకు పోవునది. రెండవది దేశములోపల తిరుగునది. మొదటిది ఇరువదియైదు ఏండ్లపాటు ప్రపంచములోని మేలైన సంస్థల సరసన నిలిచెను. రెండవది ఆదినుండియు కష్టములతో పెనుగులాడెను. తల్లి ఒకతె, బిడ్డల గతులు వేరు. ఈ భేదమునకు కారణములు పలు గలవు. వానిలో ముఖ్యమైనది ఒక మనిషి. ఆయన జహాంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. లోకమునకు జె.ఆర్.డి. ఉక్కు, రసాయనములు, విద్యాసంస్థలు మున్నగువానిలో ఆయన చేసిన కృషి వేరొక గ్రంథమునకు చాలును. ఇచ్చట ఆయన విమానముల కథను మాత్రమే చెప్పుదము.

1904 జూలై 29న పారిస్ నగరములో ఆయన జన్మించెను. తండ్రి రతన్‌జీ దాదాభాయ్ టాటా, జంషెడ్జీ టాటాకు బంధువు, వ్యాపారములో తోడు. తల్లి సుజాన్ బ్రియేర్ ఫ్రెంచి వనిత. వివాహానంతరము సూనీ అను పేరు వహించెను. బాలుని చదువు ఫ్రాన్సులో కొంత, బొంబాయిలో కొంత, జపానులో కొంత సాగెను. ఇంటిభాష ఫ్రెంచి. వేసవిలో ఈ కుటుంబము హార్డెలో అను సముద్రతీర గ్రామమునకు పోవుచుండెను. 1909లో విమానముపై ఇంగ్లీషు చానెలును మొట్టమొదట దాటిన లూయీ బ్లేరియోకు కూడ అచ్చటనే ఇల్లుండెను. ఇసుక తిన్నెలపై దిగుచున్న ఆ చిన్న విమానములను బాలుడు కన్నులార్పక చూచుచుండెను. పదునైదవ ఏట ఒకమారు విమానమెక్కి ఆకాశములో తిరుగు భాగ్యము కలిగెను. ఆనాడు పట్టిన పిచ్చి ఎనుబదియేండ్లు దాటినను వదలలేదు.

కేంబ్రిడ్జిలో చదువవలెనని ఆయన కోరిక. 1925లో తండ్రి బొంబాయికి పిలిపించి కార్యాలయములో కూర్చుండబెట్టెను. మరుసటి ఏడు తండ్రి గతించెను. ఇరువదిరెండేండ్ల వయసున తమ్ములు, అక్కచెల్లెండ్రు గల కుటుంబభారము ఆయన మీద పడెను. పట్టము లేదను కొరత ఆయనను జీవితాంతము వెంటాడెను. ఆ కొరతను తీర్చుకొనుటకే కాబోలు, ఏ విషయమునైనను కూలంకషముగా చదివినగాని ఆయన నోరు విప్పెడివాడు కాడు. 1929లో ఫ్రెంచి పౌరసత్వమును విడిచెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 10న ఈ దేశములో ఇచ్చిన మొదటి విమానచోదకుని అనుమతి పత్రము ఆయన చేతికి వచ్చెను. దాని సంఖ్య 1.

మరుసటి ఏట జరిగిన ఒక పందెము ఆయన స్వభావమును చెప్పకయే చెప్పును. ఇంగ్లండునకు, ఇండియాకు నడుమ ఒంటరిగా విమానము నడిపిన మొదటి భారతీయునికి ఆగాఖాన్ 500 పౌనుల బహుమానము ప్రకటించెను. జె.ఆర్.డి. కరాచీ నుండి బయలుదేరెను. ఆస్పీ ఇంజనీర్ అను పదునేడేండ్ల కుర్రవాడు ఇంగ్లండు నుండి ఎదురుగా వచ్చుచుండెను. ఈజిప్టులోని అబూకిర్ వద్ద ఇరువురును కలిసికొనిరి. స్పార్కుప్లగ్గు చెడిపోయి ఆ కుర్రవాడు అచ్చట చిక్కుపడియుండెను. జె.ఆర్.డి. తనవద్దనున్న దానిని తీసి ఇచ్చెను. ఆ కుర్రవాడే పందెము గెలిచెను; పిమ్మట 1960లో భారత వైమానిక దళాధిపతి ఆయెను. ఎదుటివాడు నడువలేక నిలిచిపోయినప్పుడు గెలుచుట గెలుపు కాదని నమ్మినవాడు వ్యాపారములోనికి వచ్చినచో ఎట్లుండునో తరువాతి కథ చూపును.

ఆ రోజులలో లండను నుండి వచ్చు విమాన టపా కరాచీతో ఆగిపోవుచుండెను. అచ్చటనుండి బొంబాయికి, మదరాసునకు జాబులు రైలుమీద సాగవలెను. బ్రిటిషు వైమానిక దళములో పనిచేసిన నెవిల్ విన్సెంట్ అను సాహసి ఈ లోపమును కనిపెట్టి ఒక పథకము తెచ్చెను. టాటా సంస్థ పెద్దయైన దొరాబ్జీ టాటాకు ఇందు పెద్ద నమ్మకము లేకున్నను, జాన్ పీటర్సన్ అను డైరెక్టరు నచ్చజెప్పగా రెండు లక్షల రూపాయలు పెట్టుటకు ఒప్పుకొనెను. ప్రభుత్వమును సహాయధనము అడిగిరి, లేదనిరి. కడకు సహాయమేమియు లేకుండగనే 1932లో ఒప్పందము కుదిరెను.

1932 అక్టోబరు 15 ఉదయమున జె.ఆర్.డి. కరాచీలో ఒక చిన్న పస్‌మాత్ విమానమెక్కి సుమారు 25 కిలోల టపాతో బయలుదేరెను. నడుమ అహమ్మదాబాదులో దిగగా పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చెను. మధ్యాహ్నమునకు బొంబాయిలోని జుహూ మైదానమున దిగెను. అచ్చటనుండి విన్సెంట్ ఆ టపాను అందుకొని బళ్ళారిలో రాత్రి గడిపి, మరునాడు మదరాసు చేర్చెను. బళ్ళారి నాడు మదరాసు రాజధానిలోనిది. ఆ విధముగా మన తెలుగుసీమ అంచు తొలినాడే ఈ దేశపు విమాన మార్గమున ఒక మజిలీ ఆయెను.

ఆ సంస్థ ఆస్తి యెంత? రెండు చిన్న విమానములు, ముగ్గురు చోదకులు, కొలదిమంది మెకానిక్కులు, తాటాకు పందిరి వంటి ఒక కొట్టు. జుహూ మైదానము సముద్రపు బురదనేల. వర్షకాలమున అది నీట మునుగును. అప్పుడు సరంజామా యంతయు పూనాకు తరలింపవలసి వచ్చెడిది. రాత్రి దీపములు లేవు. నేలమీదినుండి దారి చెప్పు రేడియో లేదు. అయినను 1933లో ఆ విమానములు 1,60,000 మైళ్ళు తిరిగి, 155 మంది ప్రయాణికులను, పది టన్నులకు పైగా టపాను చేరవేసెను. ఆ ఏటి లాభము 60,000 రూపాయలు. టపా వేళ తప్పలేదన్న కీర్తి వచ్చెను. వేళను పాటించుట ఆయనకు అలవాటుగా కాక వ్రతముగా మారినది ఇచ్చటనే.

1938లో, ముప్పదినాలుగవ ఏట, జె.ఆర్.డి. టాటా సంస్థలన్నిటికి అధ్యక్షుడయ్యెను. 1942లో, యుద్ధకాలమున, విన్సెంట్ ప్రయాణించుచున్న విమానము సముద్రము మీద కూలిపోయి ఆ మిత్రుడు మరలి రాలేదు. 1946లో టాటా విమాన సంస్థ ఎయిర్ ఇండియా అను పేరు ధరించి ప్రజల వాటాలతో కూడిన సంస్థగా మారెను. ఆ ఏడే ఆ సంస్థ ఉద్యోగియైన బాబీ కూకా, చిత్రకారుడు ఉమేశ్ రావు కలసి, తలపాగాయు కోరమీసమును గల మహారాజు బొమ్మను సృష్టించిరి.

యుద్ధము ముగిసెను. అమెరికా సైన్యము విడిచిపోయిన డకోటా విమానములు చవుకగా అమ్మకమునకు వచ్చెను. అవి చూచి విమాన వ్యాపారములో దిగుటకు ధనికులు ఎగబడిరి. దేశములోని ప్రయాణికుల సంఖ్యనుబట్టి రెండు మూడు సంస్థలకు మించి బ్రతుకలేవని జె.ఆర్.డి. హెచ్చరించెను. తాను ముందు వచ్చినవాడు గనుక పరులను రానీయకుండుటకే ఈ మాట చెప్పుచున్నాడని కొందరు అనుకొనిరి. అనుమతులిచ్చు అధికారులు పదికి పైగా సంస్థలకు అనుమతులిచ్చిరి. ఒకే దారిలో రెండేసి సంస్థలు సగము ఖాళీ విమానములతో తిరుగసాగెను. హైదరాబాదు వారికి ఈ చరిత్ర కొంత పరిచితమే. 1945లో నిజాము ప్రభుత్వము, టాటాలు కలసి స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రముగా ఆ కాలముననే నడచెను. అంబికా, జూపిటర్ అను రెండు సంస్థలు దివాలా తీసెను. తక్కినవి ఏటేట నష్టములు లెక్క వ్రాసికొనుచుండెను. 1950లో నియమితమైన రాజాధ్యక్ష సంఘము కూడ సంస్థలు మిక్కుటమైనవనియు, వానిని కలుపుట మేలనియు తేల్చెను. ప్రైవేటు యాజమాన్యమే మందు అనువారు ఈ ఘట్టమును మరువరాదు. ఆ సంస్థలన్నియు ప్రైవేటువే. పోటీ వానిని బాగుచేయలేదు. ఒకదానినొకటి తినివేయుటకే పనికి వచ్చెను.

ఈ గందరగోళము నడుమ జె.ఆర్.డి. వేరొక దారి త్రొక్కెను. 1948లో ప్రభుత్వముతో కలసి ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ అను సంస్థను స్థాపించెను. అందు ప్రభుత్వమునకు నూటికి 49 వాటాలు; నిర్వహణము టాటాలది; మిగిలిన వాటాలలో కొన్ని ప్రజలవి. సొమ్ములో ప్రభుత్వము పాలు పంచుకొనును, పనిలో అనుభవజ్ఞులు పాలు పంచుకొందురు. ఆ ఏడు జూన్ 8 రాత్రి మలబార్ ప్రిన్సెస్ అను కాన్‌స్టెలేషన్ విమానము బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనుకు బయలుదేరెను. ప్రయాణికులలో జె.ఆర్.డి. ఒకడు. రెండేండ్లకు, 1950 నవంబరులో, ఆ విమానమే ఆల్ప్స్ పర్వతములలో మోఁబ్లా శిఖరము వద్ద కూలి 48 మంది మరణించిరి. ఆకాశ వ్యాపారములో మొదటినుండియు మృత్యువు కూడ భాగస్వామియే. ఆ సంగతి ఎరిగినవాడు గనుకనే చిన్న తప్పులను ఆయన చిన్నవిగా చూడలేదు.

1952 చివర ప్రభుత్వము విమాన సంస్థలన్నిటిని జాతీయము చేయ నిశ్చయించెను. అప్పటి మంత్రి జగ్జీవన్ రామ్. నిర్ణయమైన పిమ్మట జె.ఆర్.డి.ని పిలిచి నష్టపరిహారమును గూర్చి మాత్రమే సలహా అడిగిరి. ఇరువదియేండ్లు పెంచిన బిడ్డను కొనిపోవుచు వెల యెంత యని అడిగినట్లు ఆయనకు తోచెను. నెహ్రూతో ఆయనకు పాత స్నేహముండెను. ముందుగా ఒక్క మాటయైనను చెప్పకుండుట ఆ స్నేహమునకు తగదని నొచ్చుకొనెను. ప్రభుత్వోద్యోగుల పద్ధతులు విమాన సంస్థకు పనికిరావని స్పష్టముగా తెలియజేసెను. దేశములోని విమానములను, విదేశములకు పోవువానిని ఒకే గాటికి కట్టరాదని గట్టిగా వాదించెను. ఆ ఒక్క మాట నెగ్గెను. చట్టము రెండు సంస్థలను సృష్టించెను: ఒకటి ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్, రెండవది ఇండియన్ ఎయిర్‌లైన్స్. 1953 ఆగస్టు 1 నుండి అవి పనిచేయసాగెను.

ఇచ్చట ఆయన ఎదుట రెండు దారులుండెను. తన చేతినుండి లాగికొన్నవారికి నమస్కరించి తప్పుకొనుట ఒకటి. అట్లు చేసినచో ఎవ్వరును తప్పుపట్టెడివారు కారు. తన సొత్తు కానిదానికి కావలి కాయుట రెండవది. నెహ్రూ కోరగా ఆయన రెండవదానినే ఎన్నుకొనెను. ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌నకు అధ్యక్షత వహించెను; ఇండియన్ ఎయిర్‌లైన్స్ పాలక మండలిలో సభ్యుడుగా మాత్రము చేరెను. ఈ పనికి జీతము తీసికొనలేదు.

ఆ ఇరువదియైదేండ్లలో ఆయన చేసినదేమి? మహత్తరమైన సిద్ధాంతములేమియు లేవు. ప్రయాణము చేసిన ప్రతిమారు కన్నులు తెరచి కూర్చుండెను; దిగిన పిమ్మట చూచినదెల్ల కాగితముపై వ్రాసి అధికారులకు పంపెను. తేనీరునకు కాఫీకి రంగులో భేదము కనబడుట లేదని ఒకమారు వ్రాసెను. కుర్చీ వెనుకకు వాలుట లేదని, గోడకద్దిన రంగు కంటికి ఇంపుగా లేదని, పరిచారికల కేశాలంకరణము పొందికగా లేదని, మరుగుదొడ్డి శుభ్రముగా లేదని వేర్వేరు సమయములందు వ్రాసెను. బల్లమీద దుమ్ము కనబడినచో తన చేతితోనే తుడిచెడివాడని చెప్పుదురు. ఇంత పెద్ద వ్యాపార సామ్రాజ్యమునకు అధిపతి తేనీటి రంగును గూర్చి విచారించుట కొందరికి వింతగా తోచెను. కాని అధ్యక్షుడు దుమ్మును చూచునని ఎరిగిన సంస్థలో యంత్రశాలలోని కూలివాడు మొదలు చోదకుని వరకు ఎవ్వడును పని దాచుకొనలేడు. ఆయన చేసిన సంస్కరణమునకు మూలమంత్రము ఇదియే.

రెండవది, ఆయన ప్రభుత్వమునకును సంస్థకును నడుమ గోడవలె నిలిచెను. చట్టము ప్రకారము సంస్థకు ఆజ్ఞలిచ్చు హక్కు ప్రభుత్వమునకు కలదు. మంత్రులు, కార్యదర్శులు మారుచుండిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క కోరిక. ఉద్యోగములకు సిఫారసులు, విమానములు కొనుటలో సలహాలు, మార్గములను గూర్చి ఒత్తిళ్ళు రాకపోవు. వానినన్నిటిని చేతనైనంత వరకు ఆయన గుమ్మము వద్దనే నిలిపెను. పదవి ఆయనకు జీవనాధారము కాదు. ఆయన పేరు ప్రభుత్వమునకు అవసరము. అందుచేత కాదనగల శక్తి ఆయనకు కలిగెను.

మూడవది పోటీ. విదేశీ మార్గములలో ఎయిర్ ఇండియాకు గుత్తాధిపత్యము లేదు. లండనుకు పోవువాడు ఇంగ్లీషువారి విమానమునైనను, ఫ్రెంచివారి విమానమునైనను ఎక్కవచ్చును. తనకంటె ఎన్నో రెట్లు ధనముగల సంస్థలతో పోటీపడలేక, వారు చేయలేని మర్యాదను తాను చేయవలెనని ఆయన నిశ్చయించెను. 1960లో బోయింగ్ 707 జెట్టు విమానములు వచ్చెను. ఆ ఏడే న్యూయార్కుకు మార్గము తెరచిరి. 1962 జూన్ నాటికి పాత పంఖాల విమానములన్నిటిని తొలగించి, జెట్టు విమానములు మాత్రమే నడుపు మొదటి సంస్థగా ఎయిర్ ఇండియా ప్రపంచమున పేరు పొందెను. ఆ ఏడు అక్టోబరులో, ముప్పది సంవత్సరముల నాటి తొలి ప్రయాణమును జ్ఞాపకము చేసికొనుచు, జె.ఆర్.డి. తానే ఒక చిన్న విమానమును కరాచీ నుండి బొంబాయికి నడిపెను.

ఇక రెండవ బిడ్డ సంగతి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేతికి దివాలా అంచున నున్న ఎనిమిది సంస్థలు వచ్చెను. వానిలో మన డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. 99 విమానములలో 74 యుద్ధకాలపు డకోటాలే. ఎనిమిది రకముల జీతములు, ఎనిమిది రకముల అలవాట్లు, పనికి మించిన సిబ్బంది. పిమ్మట 1957లో వైకౌంట్లు, 1964లో కారవెల్ జెట్లు వచ్చినను పుట్టుకనాటి భారము తీరలేదు. అన్నిటికంటె కీడు చేసినది వేరొకటి కలదు. దేశములో మరెవ్వరును కాలపట్టిక ప్రకారము విమానములు నడుపరాదని చట్టము శాసించెను. ప్రయాణికునకు వేరు దిక్కు లేదు. కోపము వచ్చినను మరునాడు ఆ కిటికీ ముందే నిలువవలెను. వేరు దిక్కు లేనివానిని గౌరవించుట ఏ సంస్థకైనను కష్టమే. ఈ విషయములో జె.ఆర్.డి.ని కూడ కొంత తప్పుపట్టవచ్చును. విదేశములకు పోవు సంస్థను అంత ప్రేమతో సాకినవాడు, స్వదేశపు సంస్థ పగ్గములను చేపట్టలేదు. సామాన్యుడు ఎక్కినది రెండవదానినే. అది బాగుపడియున్నచో జాతికి కలుగు మేలు అధికముగా నుండెడిది.

1971లో జంబో విమానములు వచ్చెను. మొదటిదానికి ఎంపరర్ అశోకా అని పేరు. 1978 జనవరి 1 రాత్రి ఆ విమానమే బొంబాయి నుండి లేచిన కొద్ది నిమిషములలో బాంద్రా ఎదుట సముద్రములో కూలెను. 213 మందిలో ఒక్కరును మిగులలేదు. ఆ దుఃఖము ఆరకముందే, ఫిబ్రవరి ఆరంభమున, మొరార్జీ దేశాయి ప్రభుత్వము జె.ఆర్.డి.ని రెండు సంస్థల పాలక మండళ్ళనుండియు తొలగించెను. 1971 యుద్ధమున వైమానిక దళమును నడిపిన ప్రతాప్ చంద్ర లాల్‌ను రెండింటికి అధ్యక్షునిగా నియమించెను. ఈ వార్త జె.ఆర్.డి.కి మొదట ప్రభుత్వము నుండి రాలేదు. క్రొత్తగా నియమితుడైన లాల్ నుండియే తెలిసెను. నలువదియారేండ్ల సంబంధము ఆ విధముగా తెగెను. సంస్థ మేనేజింగ్ డైరెక్టరు అప్పుస్వామి రాజీనామా ఇచ్చెను. నాడు అధికారములో లేని ఇందిరాగాంధి సానుభూతి తెలుపుచు లేఖ వ్రాసెను. 1980లో ఆమె తిరిగి ప్రధాని అయిన పిమ్మట ఆయనను పాలక మండళ్ళలో మరల సభ్యునిగా చేర్చెను. కాని అధ్యక్షపీఠము మరల దక్కలేదు.

1982 అక్టోబరు 15న, డెబ్బదియెనిమిదవ ఏట, ఆయన మూడవమారు ఆ తొలి మార్గమున కరాచీ నుండి బొంబాయికి ఒంటరిగా విమానము నడిపెను. యువకులు ఉత్సాహము కోల్పోవుచున్నారనియు, వారికి ధైర్యము చెప్పుటకే ఈ ప్రయాణమనియు ఆయన భావము. ఈ నడుమ ఆయన పెంచిన సంస్థలో పాత పట్టు సడలసాగెను. దుమ్మును చూచు కన్ను పోయెను. గుమ్మము వద్ద నిలిచిన గోడ కూలెను. చట్టము మారలేదు, యజమాని మారలేదు, సిబ్బందిలో చాలమంది వారే. పోయినది ఒక్కడే.

1992లో ప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదమిచ్చెను. సరిగా ఆ రోజులలోనే నలువదియేండ్లుగా మూసియున్న తలుపు తెరచుకొనెను. ఈస్ట్‌వెస్ట్, దమానియా, జెట్ ఎయిర్‌వేస్, మోదీలుఫ్త్ మొదలగు ప్రైవేటు విమానములు ఆకాశమున కనబడెను. అధిక వేతనములకు ఆశపడి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చోదకులు పలువురు క్రొత్త సంస్థలకు తరలిపోయిరి. చిరునవ్వు, వేడి భోజనము, వేళకు బయలుదేరుట, ఈ మూడింటితోనే క్రొత్తవారు పాతదాని ప్రయాణికులను లాగికొనిరి. ఇవి మూడును జె.ఆర్.డి. ఎన్నడో తన కాగితములలో వ్రాసినవే. 1993 నవంబరు 29న జెనీవాలో ఆయన కన్ను మూసెను. పారిస్‌లోని పెర్‌లాషేజ్ శ్మశానవాటికలో ఆయన తల్లిదండ్రుల సరసన విశ్రమించుచున్నాడు. మూడు నెలలకు, 1994 మార్చి 1 నాటికి, 1953 నాటి గుత్తాధిపత్యము చట్టరీత్యా తొలగెను.

ఆ తరువాతి కథ పాఠకులకు తెలిసినదే. ప్రైవేటు సంస్థలలో పెక్కు నాలుగైదేండ్లలో మూతపడెను; 1946 నాటి కథయే మరల నడచెను. కొన్ని నిలిచెను, మరికొన్ని క్రొత్తవి వచ్చెను. ప్రభుత్వ సంస్థలు రెండింటిని 2007లో కలిపిరి. రెండు రోగములు కలసినంత మాత్రమున ఆరోగ్యము కలుగలేదు. 2012లో వేలకోట్ల రూపాయలతో చికిత్స మొదలుపెట్టిరి. అప్పులు పెరుగుచునే యుండెను. కడకు 2021 అక్టోబరులో 18,000 కోట్ల రూపాయల బేరముపై టాటాలకే అమ్ముటకు నిశ్చయించిరి. 2022 జనవరి 27న సంస్థ పాత యజమానుల ఇంటికి చేరెను. వెళ్ళునప్పుడు ఒకటిగా వెళ్ళినది, తిరిగి వచ్చునప్పుడు తోబుట్టువును కూడ వెంటబెట్టుకొని వచ్చెను.

ఇది చూచి ప్రైవేటు యాజమాన్యమే గెలిచినదని చెప్పువారు కలరు. అంత తొందరపడరాదు. 2025 జూన్ 12న అహమ్మదాబాదులో లేచిన ఎయిర్ ఇండియా విమానము వెంటనే కూలి, అందున్న 242 మందిలో 241 మంది మరణించిరి. నేలమీద మరికొందరు బలియైరి. దాని కారణములను తేల్చుట ఈ వ్యాసము పని కాదు. యజమాని పేరు మారినంతనే ఆకాశము దయతలచదని మాత్రము ఆ దినము జ్ఞాపకము చేసెను. తొంబదిమూడేండ్ల క్రింద ఎద్దుబండి పెట్రోలు తెచ్చినది ఆ ఊరికే.

జె.ఆర్.డి. జీవితము చెప్పునది యేమనగా: సొత్తు ఎవరిదను ప్రశ్నకంటె, దానిని తనదిగా చూచువాడెవడను ప్రశ్న ముఖ్యము. 1946లో ప్రైవేటువారే సొంత సొత్తును తగలబెట్టుకొనిరి. 1953 పిమ్మట ఆయన పరుల సొత్తును సొంతముగా కాచెను. ఆయన విజయములోనే ఆయన లోపము కూడ కలదు. కావలి అంతయు ఒక్క మనిషి కన్నుమీద నడచెను. ఆ కన్నును తొలగించుటకు ఒక్క సంతకము చాలెను. ఆయన నిలిపిన గోడ చట్టములో లేదు, ఆయన వ్యక్తిత్వములో ఉండెను. అట్టి మనుష్యులు అరుదు; వారు లేనినాడు కూడ నిలుచు ఏర్పాటు చేయుటయే ప్రభుత్వముల పని. ఆ ఏర్పాటు మన దేశములో చేయబడలేదు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చునను సామెత అబద్ధము కాదు. అయినను ఇరువదియైదేండ్లపాటు ఒకడు దానికి వేళ తప్పక మేత వేసెను. అది బలిసి, నలుగురిలో తలయెత్తుకొని తిరిగెను. మేత వేయుచున్న చేతిని తప్పించిన పిమ్మట గొర్రెను నిందించి ప్రయోజనమేమి?